సత్యం కోసం వాదించాలి సరే, తోటి విశ్వాసితో ఎలా వాదించాలి?

మీ ప్రశ్న మొత్తం చదివాను. క్లుప్తంగా సంగతి ఇదీ: పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం సరైనదేనని మీ స్నేహితుడి నమ్మకం. విశ్వసించి, నోటితో ఒప్పుకున్నవాళ్ళకే ఇవ్వాలని మీ నమ్మకం. బైబిల్ స్టడీలో మొదలైన మాట వాట్సాప్ గ్రూపులోకి పాకింది. మీరు "ఇది వాక్యాన్ని వక్రీకరించడమే" అని పెట్టారు, ఆయన జవాబివ్వకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఇప్పుడు మీరు అడిగేవి రెండు. సత్యం విషయంలో రాజీ పడకుండా మర్యాదగా మాట్లాడటం ఎలా? ఏమీ అనకుండా ఊరుకుంటే సత్యాన్ని వదులుకున్నట్టేనా?

సంఘ పెద్దగా ఇలాంటి తగవుల మధ్య చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నాను బ్రదర్. బాప్తిస్మం, అన్య భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడటం), స్త్రీలు బోధించవచ్చా, రక్షణ పోతుందా పోదా, విశ్రాంతి దినం ఏది... అంశం మారుతుంది గానీ తగవు నడిచే తీరు ఒకటే. నమ్మకాలు వేరైనంత మాత్రాన సంబంధాలు తెగడం నేను పెద్దగా చూడలేదు. ఎదుటివాడు అనని మాటకి జవాబివ్వడం, అదీ వినాల్సిన పనిలేని జనం ముందు ఇవ్వడం, ఈ రెండిటివల్లే తెగాయి. ఈ రెండూ సరిచేసుకుంటే ఎంత గట్టిగా వాదించుకున్నా ఫరవాలేదు. గట్టిగా అని కావాలనే అంటున్నాను. మర్యాద అంటే మెత్తగా నసగడం అనుకునేవాళ్ళు మన మధ్య ఎక్కువైపోయారు.

మొదటి సంఘమంతా ఏకమనస్సుతో ఉండేదని ప్రసంగాల్లో తరచూ వింటాం. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం దగ్గర ఆగితే అలాగే అనిపిస్తుంది. పదిహేనో అధ్యాయం తెరవండి. అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్ళలోంచి, వచ్చినవాళ్ళు సున్నతి పొందితేనే రక్షణా అన్న ప్రశ్న మీద, సుమారు క్రీ.శ. 49లో, అపొస్తలులూ పెద్దలూ యెరూషలేములో కూడుకున్నారు. అక్కడ "బహు తర్కము" జరిగిందని ఆ గ్రంథం రాసిన లూకా దాచకుండా రాశాడు. ప్రేమ ముఖ్యం, ఈ గొడవ వదిలేద్దాం అని ఒక్కరూ అన్నట్టు లేదు. సున్నతి కావాల్సిందేనన్న పరిసయ్యుల తెగ విశ్వాసులు తమ మాట చెప్పుకున్నారు. పేతురు లేచి అన్యజనుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన సంగతి గుర్తుచేశాడు. బర్నబా, పౌలు మాట్లాడుతుంటే సమూహమంతా ఊరుకుని విన్నది. చివరికి యాకోబు ప్రవక్త మాటలు ఎత్తి తన తీర్పు చెప్పాడు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాత వాళ్ళు చేసిన పని. నిర్ణయం ఉత్తరంలో రాసి పంపేసి చేతులు దులుపుకోలేదు. యూదా, సీల అనే ఇద్దరిని ఆ ఉత్తరంతో పంపి, వీళ్ళు నోటిమాటతో కూడా చెబుతారని అందులోనే రాశారు. మా దగ్గరనుంచి వచ్చిన కొందరు మేము చెప్పమనని మాటలు చెప్పి మిమ్మల్ని కలవరపెట్టారని తమవైపు జరిగినదీ ఒప్పుకున్నారు. అక్షరం ఒక్కటే వెళితే దాన్ని ఎవరికి తోచిన గొంతుతో వాళ్ళు చదువుకుంటారు. మీ మెసేజ్‌కి జరిగింది అదే అనుకుంటాను. "వక్రీకరించడమే" అని మీరు బాధతో రాసి ఉండవచ్చు. ఆయనకి మాత్రం అది పదిమంది ముందు వేసిన ముద్రలా వినబడింది.

తమాషా ఏమిటంటే, అదే అధ్యాయం చివర్లో పౌలు, బర్నబా విడిపోయారు. అంత పెద్ద సిద్ధాంత సమస్యలో ఒకే పక్షాన నిలబడ్డ ఇద్దరు, మార్కుని వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్న దగ్గర తెగేదాకా లాగారు. బర్నబా మార్కుని తీసుకుని కుప్రకి ఓడెక్కాడు, పౌలు సీలతో సిరియ, కిలికియల వైపు వెళ్ళాడు. తప్పు ఎవరిదో లూకా చెప్పడు. ఆ తగవు గురించి పౌలు తన ఉత్తరాల్లో ఎక్కడా బర్నబా మీద ఫిర్యాదు చేయలేదు. పైగా కొరింథీయులకు రాస్తూ, తనలాగే సొంతంగా పనిచేసుకుంటూ సేవ చేసేవాడిగా బర్నబా పేరు ఎత్తుతాడు. తిమోతికి రాసిన రెండో పత్రికలో, మార్కు నాకు పరిచారానికి పనికొస్తాడు, వెంటబెట్టుకుని రమ్మంటాడు. అప్పుడు వద్దన్నవాడినే. విడిపోయాక నోరు అదుపులో పెట్టుకుంటే ఇలా మళ్ళీ పిలవడానికి దారి మిగులుతుంది.

ఇక రాజీ సంగతి. పౌలు చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడండి. తన సహచరుడు తీతుకి సున్నతి చేయించాలని కొందరు పట్టుబడితే, గడియసేపైనా లొంగలేదని గలతీయులకు రాశాడు. మరో సహచరుడు తిమోతికి మాత్రం, ఆ ప్రాంతపు యూదుల కోసం, తానే సున్నతి చేయించాడు. అదీ యెరూషలేము సభ అయిపోయిన తర్వాత. ఒకే ఆచారం, ఒకే మనిషి, రెండు వ్యతిరేక నిర్ణయాలు. తీతు దగ్గర ప్రశ్న "ఇది లేకపోతే నువ్వు క్రైస్తవుడివి కావు" అని వచ్చింది. అక్కడ లొంగితే సువార్తే మారిపోతుంది. తిమోతి దగ్గర ప్రశ్న "ఇది లేకపోతే వాళ్ళు మన మాట వినరు" అని. అక్కడ పౌలు వదులుకున్నది తన హక్కు మాత్రమే. కాబట్టి మీ స్నేహితుడితో వాదించేముందు మిమ్మల్ని మీరు అడగవలసినది: ఆయన తన పద్ధతిని రక్షణకి షరతుగా పెడుతున్నాడా? లేకపోతే, మీరు మీ పద్ధతిని అలా పెడుతున్నారా? రెండోది తనని తాను అడగడం కష్టం.

రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయం ఈ విషయంలో అందరూ ఎత్తేదే, కానీ అందులో ఒక సూక్ష్మం మీద చాలామంది ఆగరు. తినేవాడు తిననివాడిని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అంటాడు పౌలు. ఇద్దరికీ ఒకే హెచ్చరిక ఇవ్వలేదు, గమనించారా? స్వేచ్ఛ ఉందనుకునేవాడికి వచ్చే జబ్బు చిన్నచూపు: "పాపం, ఇంకా ఆ ఆచారాల్లోనే ఉన్నాడు." నియమం ఉందనుకునేవాడికి వచ్చే జబ్బు తీర్పు: "వీడికి అసలు భక్తి ఉందా?" నేను ఏ తగవులో కూర్చున్నా మొదట చూసేది ఎవరిలో ఏ జబ్బు ఉందనే. తీర్పు తీర్చేవాడిని పట్టుకోవడం తేలిక, మాటలోనే బయటపడుతుంది. చిన్నచూపు అలా కాదు, చిరునవ్వు వెనక దాక్కుంటుంది. "వాక్యాన్ని వక్రీకరించడమే" అన్నది ఏ వైపు మాటో మీకే తెలుస్తుంది.

"ముఖ్యమైన వాటిలో ఐక్యత, ముఖ్యం కాని వాటిలో స్వేచ్ఛ, అన్నిటిలో ప్రేమ" అన్న సూక్తిని ఇలాంటి చోట్ల మందులా రాసిస్తుంటారు. దాన్ని ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను పేరుతో చెబుతుంటారు గానీ, అది 17వ శతాబ్దంలో జర్మనీలో రూపెర్తుస్ మెల్దేనియుస్ అన్న కలం పేరుతో రాసిన ఒక లూథరన్‌ది. మంచి మాటే. నాకు మాత్రం దానితో పెద్దగా పని జరగలేదు. ఏది ముఖ్యం, ఏది కాదు అన్న దగ్గరే కదా అసలు తగవు! మీకు చిన్నదిగా కనిపించేది ఆయనకి పెద్దది. పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వకపోతే దేవుని వాగ్దానాన్ని బిడ్డకి అందకుండా చేసినట్టని ఆయన మనస్సాక్షి చెబుతుంటే, "ఇది చిన్న విషయం, వదిలేయండి" అనడం కూడా ఒక అవమానమే.

మరి ఏం చేయాలి? నేను పట్టుబట్టేది ఒకే ఒక్క నియమం. ఎదుటివాడి నమ్మకాన్ని మీ నోటితో చెప్పండి, "అవును, నేననేది అదే" అని అతను ఒప్పుకునేదాకా మీ వాదన మొదలుపెట్టవద్దు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. చేయబోతే చెమటలు పడతాయి.

ఒకసారి అన్య భాషల విషయంలో ఇద్దరు నా ఎదుట కూర్చున్నారు. ఒకాయన వయసులో పెద్ద, ఆ వరాలు అపొస్తలుల కాలంతో ఆగిపోయాయని నమ్మేవారు. రెండో ఆయన యువకుల కూటం నడిపే అబ్బాయి. పెద్దాయన్ని మొదలుపెట్టమన్నాను. "వీళ్ళు అనుభవాన్ని వాక్యం కంటే పైన పెడతారు" అన్నారు. అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెప్పమన్నాను. "ఎమోషన్ ఉంటేనే ఆరాధన అనుకుంటారు." మళ్ళీ కాదన్నాడు. పెద్దాయనకి విసుగొచ్చింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఈ వరాలు ఆగిపోతాయని వాక్యంలో తేటగా లేదు కాబట్టి, వాక్యానికి లోబడడమంటే వాటిని ఆశించడమేనని నువ్వు అనుకుంటున్నావు, అంతేనా?" అన్నారు. అబ్బాయి, "అవును అంకుల్, అదే" అన్నాడు. ఇప్పుడు వాడి వంతు. "మీరు పరిశుద్ధాత్మ పనిని నమ్మరు" అని మొదలుపెట్టి, చివరికి "ఆ సూచనలు అపొస్తలుల సాక్ష్యాన్ని స్థిరపరచడానికి ఇచ్చినవి, ఆ పని ముగిసింది, ఇప్పుడు ఆత్మ లేఖనం ద్వారానే నడిపిస్తాడు అంటారు మీరు" అన్నదాకా వచ్చాడు. ఆ రోజు ఎవరూ తమ నమ్మకం మార్చుకోలేదు. ఇప్పటికీ మార్చుకోలేదు. కాకపోతే ఆ పెద్దాయన నోట "ఎమోషన్ బ్యాచ్" అన్న మాట మళ్ళీ నేను వినలేదు.

మీ విషయంలో ఇదే చేసి చూడండి. మీ స్నేహితుడి వాదనని, ఆయన పక్కనే ఉన్నాడనుకుని, ఆయన మెచ్చుకునేలా చెప్పగలరా? నేను ప్రయత్నిస్తాను. దేవుడు అబ్రాహాముతో నిబంధన చేసినప్పుడు ఎనిమిదో రోజు పసివాడిని కూడా అందులో చేర్చాడు, ఆ పసివాడు నమ్మేదాకా ఆగలేదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు సున్నతినీ బాప్తిస్మాన్నీ ఒకే చోట కలిపి మాట్లాడతాడు. వాగ్దానం మీకూ మీ పిల్లలకూ అని పెంతెకొస్తు రోజు పేతురు అన్నాడు. లూదియ, ఫిలిప్పీ చెరసాల నాయకుడు, కొరింథులోని స్తెఫను, వీళ్ళంతా ఇంటివారితో కలిసి బాప్తిస్మం పొందారు. మనం దేవుణ్ణి ఎరగకముందే కృప మన దగ్గరికి వస్తుందని పసిబిడ్డ బాప్తిస్మం కంటే బాగా చూపించేది ఏముంది? ఇది వక్రీకరణలా ఉందా? ఒప్పుకోనక్కరలేదు, కానీ లేఖనాన్ని గౌరవించే మనిషి ఇలా ఆలోచించగలడని తెలుస్తుంది. అటునుంచి మీ వాదన కూడా అంతే బలమైనది. మారుమనస్సు పొంది బాప్తిస్మం పొందండి అన్న వరస, నమ్మి బాప్తిస్మం పొందిన సమరయ పురుషులూ స్త్రీలూ, నీళ్ళు కనబడగానే తానే అడిగిన ఐతియొపీయుడైన నపుంసకుడు, రోమా ఆరో అధ్యాయంలోని పాతిపెట్టబడటం, లేవడం. పసిబిడ్డకి ఇచ్చినట్టు పేరు పెట్టి చెప్పిన చోటు కొత్త నిబంధనలో ఒక్కటీ లేకపోవడం. ఇవన్నీ ఆయన నోట మీరు వినాలి కదా? అది మీ హక్కు కూడా.

ఈ ఒక్క ప్రశ్న మీద మనుషుల్ని చంపారు. 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో కొందరు విశ్వాసులు పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం పొందారు. రెండేళ్ళు తిరక్కుండా, 1527 జనవరి 5న, వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ని చేతులు కట్టేసి లిమ్మాత్ నదిలో ముంచి చంపారు. శిక్ష వేసింది రోమన్ కాథలిక్ సంఘం వాళ్ళు అనుకుంటారేమో, కాదు. లేఖనమే ప్రమాణమని సంస్కరణ తెచ్చిన పట్టణ సభే. మాంజ్ ఒకప్పుడు అక్కడి సంస్కర్త జ్వింగ్లీ దగ్గర కూర్చుని లేఖనం చదువుకున్నవాడే.

ఆ జ్వింగ్లీయే 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో అక్కడి సంస్కర్త లూథర్‌కి ఎదురుగా కూర్చున్నాడు. ప్రభువు బల్ల ఆచారంలో పంచుకునే రొట్టె క్రీస్తు శరీరం ఎలా అవుతుందన్నది తగవు. లూథర్ మొదట్లోనే సుద్దముక్క తీసుకుని బల్ల మీద "ఇది నా శరీరము" అని రాసుకుని, పైన గుడ్డ కప్పాడు. సాక్ష్యం చూపించమన్నప్పుడు ఆ గుడ్డ తీసి చూపించాడు. చూశారా, వాదన మొదలుకాకముందే జవాబు బల్ల మీద రాసి ఉంది! చివరికి 15 అంశాల్లో 14 మీద పూర్తిగా కలిశారు. పదిహేనోదానిలో కూడా చాలాభాగం కలిసి, శరీర రక్తాలు రొట్టె ద్రాక్షారసాల్లో శారీరకంగా ఉన్నాయా అన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోయారు. జ్వింగ్లీ చాచిన సహోదర హస్తాన్ని లూథర్ అందుకోలేదు. అయినా ఆ పదిహేనో అంశం చివర సంతకాలు పెట్టిన వాక్యం నాకు చాలాసార్లు పనికొచ్చింది: ఇప్పటికి ఏకీభవించలేకపోయినా, మనస్సాక్షి ఒప్పుకున్నంత మేరకు ఒకరిపట్ల ఒకరు క్రైస్తవ ప్రేమ చూపాలి, సరైన గ్రహింపు కోసం దేవుణ్ణి ప్రార్థించాలి అని. మనస్సాక్షి ఒప్పుకున్నంత మేరకు. అంతకుమించి నటించమని అడగలేదు. కలిసి ప్రభువు బల్ల తీసుకోలేకపోతే తీసుకోలేమనే చెప్పండి, కానీ జబ్బు చేస్తే చూడడానికి వెళ్ళండి. మనస్సాక్షి దానికి అడ్డురాదు.

ఇప్పుడు రెండో సంగతి, ఎవరి ముందు అన్నది. ఇంగ్లండ్ ప్రసంగీకులు జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ ఇద్దరూ ప్రాణస్నేహితులు, 18వ శతాబ్దపు ఉజ్జీవంలో కలిసి పనిచేసినవాళ్ళు. దేవుడు కొందరినే ముందుగా ఏర్పరచుకున్నాడా అన్న దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది. వద్దని విట్‌ఫీల్డ్ బతిమాలినా వెస్లీ 1739లో తన ప్రసంగం అచ్చువేయించాడు. విట్‌ఫీల్డ్ వెస్లీకి సొంతంగా రాసిన ఒక ఉత్తరం ఎవరి చేతికో చిక్కింది. ఇద్దరి అనుమతీ లేకుండా దాన్ని అచ్చువేసి, 1741 ఫిబ్రవరి 1న వెస్లీ ప్రసంగించే మందిరం గుమ్మం దగ్గరా లోపలా పంచిపెట్టారు. వెస్లీ ప్రసంగం ముగించి ఆ సంగతి జనానికి చెప్పి, విట్‌ఫీల్డే ఇక్కడ ఉంటే ఏం చేసేవాడో నేనూ అదే చేస్తాను అని, తన చేతిలోని కాపీని అందరి ముందూ ముక్కలు ముక్కలుగా చింపేశాడు. తీసుకున్నవాళ్ళంతా అలాగే చింపారు. రెండు నిమిషాల్లో ఒక్క కాపీ మిగల్లేదని తన దినచర్యలో రాసుకున్నాడు.

ఆ ఉత్తరంలో ఉన్నది వెస్లీకి వ్యతిరేకమైన వాదనే. దాన్ని అక్కడే చదివి జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకోగలడు. ఇద్దరి మధ్య మాట ఇద్దరి మధ్యే ఉండాలని చింపాడు. ఇప్పుడు స్క్రీన్‌షాట్లు చింపడం కుదరదు గానీ ఫార్వర్డ్ చేయకుండా ఉండటం కుదురుతుంది. మీ గ్రూపులో ఆయన వెళ్ళిపోయాక జరిగిన చర్చని ఎవరైనా ఆయనకి పంపి ఉంటారు, దాదాపు ఖాయం. గుంపు ముందు ఒక మనిషి తన మాట వెనక్కి తీసుకోవడం సత్యం కోసం కాదు, పరువు కోసం ఆగిపోతుంది. నలుగురు చూస్తుంటే ఎంత వినయస్థుడైనా ఓడిపోలేడు. ఆ వెస్లీ, విట్‌ఫీల్డ్‌ల మధ్య తర్వాత స్నేహం నిలిచింది. సిద్ధాంతం మాత్రం కలవలేదు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే, ముందే అనుకున్న ప్రకారం లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

ఇక్కడ మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. అంతియొకయలో పౌలు పేతురుని అందరి ఎదుటే నిలదీశాడు కదా అని. నిజమే. కానీ పేతురు చేసిన పని కూడా అందరి ఎదుట జరిగినదే. అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్నవాడు, యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే వేరుగా కూర్చున్నాడు. అవమానపడినవాళ్ళు అక్కడే ఉన్నారు. పైగా పౌలు ఆ మాట పేతురు ముఖం మీద అన్నాడు, పేతురు వెళ్ళిపోయాక పక్కవాడితో కాదు. మీ స్నేహితుడు ఎవరినీ బల్ల దగ్గరనుంచి లేపలేదు. ఆయన బైబిల్ స్టడీలో తన అభిప్రాయం చెప్పాడు, అంతే.

చిన్న చిన్న విషయాలు కొన్ని. ప్రార్థనని వాదనకి వాడకండి. "ప్రభువా, ఈ సహోదరుని మనోనేత్రాలు తెరువు" అని ఆయన పక్కనే మోకరించి గట్టిగా ప్రార్థించడం ప్రార్థన కాదు, కళ్ళు మూసుకుని కొట్టిన దెబ్బ. "దేవుడు నాకు చూపించాడు" అనడంతో సంభాషణ చచ్చిపోతుంది, ఎందుకంటే ఆ తర్వాత ఆయన కాదంటే దేవుణ్ణి కాదన్నట్టవుతుంది. గంటన్నర వీడియో పంపి "ఇది చూడండి, అన్నీ క్లియర్ అవుతాయి" అనకండి. ఎవరూ చూడరు, చూసినా క్లియర్ అవ్వవు. "అబద్ధ బోధ" అన్న మాట క్రీస్తునే తారుమారు చేసేవాళ్ళ కోసం ఉంచండి. అన్నిటికీ వాడితే అసలైనది వచ్చిన రోజున చెప్పడానికి మన దగ్గర మాట మిగలదు.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: "ఈ నమ్మకం మీకు ఎలా వచ్చింది?" అని. వచనాల కింద జీవితం ఉంటుంది. పుట్టిన కొన్నాళ్ళకే బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఈ బాప్తిస్మం చర్చని మీరూ నేనూ విన్నట్టు వినరు. పేరుకే బాప్తిస్మం తీసుకుని నలభై ఏళ్ళు దేవుణ్ణి ఎరగకుండా బతికి, తర్వాత మారినవాడు కూడా అలా వినడు. సిద్ధాంతం అనుభవంతో తేలదు, ఒప్పుకుంటాను. కానీ మీరు వేసే మాట ఎక్కడ తగులుతుందో తెలియకుండా వేయకూడదు.

మర్యాదకి హద్దు లేదా అంటే, ఉంది. పైన చెప్పిన విట్‌ఫీల్డ్‌నే తీసుకోండి. అమెరికాలోని జార్జియాలో బానిసత్వాన్ని చట్టబద్ధం చేయాలని వాదించాడు, తన అనాథాశ్రమం పేరిట బానిసల్ని ఉంచుకున్నాడు. వెస్లీ 1774లో బానిసత్వానికి వ్యతిరేకంగా పుస్తకమే రాశాడు. దేవుడు కొందరిని ఏర్పరచుకోవడం గురించి "నీ నమ్మకం నీది, నా నమ్మకం నాది" అనుకోవచ్చు. గొలుసుల్లో ఉన్న మనిషి గురించి అలా అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ ఖరీదు కట్టేది వాదించుకునే ఇద్దరూ కాదు, మూడోవాడు. సంఘంలో ఎవరైనా ఒకరిని హింసించినా, డబ్బు తినేసినా, పిల్లల జోలికి వెళ్ళినా, "ఐక్యత కోసం మాట్లాడకండి" అనేవాళ్ళ మాట వినకండి. అది అభిప్రాయభేదం కాదు, నేరం. పోలీసులకి చెప్పాల్సినది పోలీసులకే చెప్పాలి.

నమ్మకం వేరు, సంఘమంతా కలిసి పాటించే పద్ధతి వేరు. ఎవరి నమ్మకం వాళ్ళ దగ్గర ఉండవచ్చు గానీ, ఆదివారం మందిరంలో ఏదో ఒకటి జరగాలి కదా. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఇదే చిక్కు వచ్చింది. బిషప్పు చేతులుంచితేనే పాస్టర్‌గా నియమించే అభిషేకం చెల్లుతుందని ఆంగ్లికన్లు, అక్కరలేదని ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు. 1919లో మొదలైన చర్చలు 1947 సెప్టెంబరు 27న గానీ కలయికకి రాలేదు. వాళ్ళు కనిపెట్టిన దారి చూడండి. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగానే. అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లకి మళ్ళీ అభిషేకం లేదు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన సేవకుణ్ణి గానీ ఆరాధన పద్ధతిని గానీ రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. ఈ తాత్కాలిక ఏర్పాటుకి 30 ఏళ్ళు గడువు పెట్టుకున్నారు. అందరూ చేరలేదు, కొందరు బయటే ఉన్నారు. కానీ ఇంతటివాళ్ళు 28 ఏళ్ళు కూర్చున్న చోట మనం ఒక రాత్రి గ్రూపులో తేల్చేద్దామనుకుంటున్నాం.

మీ సంఘం ఏ పద్ధతి పాటిస్తుందో దాన్ని పెద్దలు నిర్ణయిస్తారు. మీ ఇద్దరిలో ఎవరికి ఆ పద్ధతి కింద ఉండటం మనస్సాక్షికి ఇబ్బంది అయినా, వేరే సంఘానికి వెళ్ళవచ్చు. వెళ్ళేవాడు పాస్టర్ గారికి ఎదురుగా చెప్పి వెళ్ళాలి, వెంట నలుగురిని తీసుకెళ్ళకూడదు, వెళ్ళాక పాత సంఘం గురించి కథలు చెప్పకూడదు.

ఊరుకుంటే సత్యాన్ని వదులుకున్నట్టా అన్నారు. మీరు మీ నమ్మకం ఒకసారి తేటగా చెప్పారు, ఆయన విన్నాడు. దాన్నే పదోసారి చెప్పకపోవడం వదులుకోవడం కాదు. మిమ్మల్ని అడిగినప్పుడు దాచితే, నచ్చదని తెలిసి మాట మార్చితే, అది వదులుకోవడం. బోధించే బాధ్యత మీదైతే మీ వంతు వచ్చినప్పుడు మీరు నమ్మినదే బోధించండి, అవతలి పక్షాన్ని కూడా వాళ్ళు మెచ్చేలా చెప్పి మరీ బోధించండి.

ఇప్పుడు చేయాల్సింది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్న మాటలో, "నీ సహోదరునికి నీమీద ఏదైనా ఉంటే" అని ఉంది. మీకు ఆయన మీద కాదు, ఆయనకి మీ మీద. కాబట్టి వెళ్ళాల్సింది మీరే, ఆయన రావాలని చూడకండి. మెసేజ్ వద్దు, మధ్యవర్తి వద్దు, ఇంటికి వెళ్ళండి. "వక్రీకరణ" అన్న ఆ ఒక్క మాటకి క్షమాపణ అడగండి, మీ నమ్మకానికి కాదు. ఈ రెండూ కలిపేస్తే ఆయనకి అర్థం కాదు, మీకూ నిజాయితీగా ఉండదు. "అలా అన్నందుకు బాధగా ఉంటే సారీ" అనకండి, "అలా అనడం తప్పు" అనండి. అదే రోజు బాప్తిస్మం గురించి మాట్లాడవద్దు, ఆయన ఎత్తితే తప్ప. గ్రూపులో మీరు ఆ మాట పెట్టారు కాబట్టి, ఆ మాట తప్పని గ్రూపులోనూ ఒక్క వాక్యం రాయండి, వివరణ లేకుండా. ఆయన్ని తిరిగి గ్రూపులో చేర్చమని అడ్మిన్‌ని మాత్రం మీరు అడగవద్దు. రావాలో వద్దో ఆయన ఇష్టం.

ఒకవేళ ఆయన ఇంకా కోపంగానే ఉంటే, కూర్చోమనకపోతే, చెప్పాల్సింది గుమ్మం దగ్గరే చెప్పి వచ్చేయండి. కొన్ని వారాలు ఆగి మళ్ళీ వెళ్ళండి. ఈలోగా ఎవరైనా "ఏమైంది మీ ఇద్దరికీ?" అని అడిగితే "మేమిద్దరం మాట్లాడుకుంటాం" అని చెప్పండి, ఇంకేమీ చెప్పకండి.